పక్క సీటు మానిటర్

మణికొండ
16 అక్టోబర్ 2011, ఆదివారం

సెలీనా సిస్టరమ్మకు,

నువ్వింకా సిస్టరువి కాలేదని నాకు తెలుసు. మఠంలో చేరి నాలుగు నెలలే కదా. అయినా ఇలా పిలిస్తే నీకు ఎంత ఒళ్ళు మండుతుందో తలుచుకుని నవ్వుకుందామని రాశాను. కోప్పడకు, ఈ మధ్య నవ్వు వచ్చే సంగతులు తక్కువైపోయాయి.

నీకు ఫోను ముట్టుకునే వీల్లేదు, ఉత్తరాలు మాత్రం రాసుకోనిస్తారన్నావు. చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి. ఇక్కడ సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు, నిన్నటి నుంచి రైళ్ళు కూడా ఆపుతున్నారు. ఇది ఫిరంగిపురం ఎప్పుడు చేరుతుందో ఆ పోస్టుమాన్‌కే తెలియాలి.

అసలు సంగతికి వస్తాను. నా మానిటర్ ఆగిపోతోంది సెలీనా. దసరా వెళ్ళినప్పటి నుంచి ఇదే వరస. పొద్దున్న బాగానే ఉంటుంది. మధ్యాహ్నం పని ఊపు మీద ఉండగా టప్పున నల్లగా అయిపోతుంది. బటన్ మీద వేలు పెడితే వెలుగుతుంది, రెండు నిమిషాలకు మళ్ళీ ఆరిపోతుంది. సీపీయూ బాగానే తిరుగుతూ ఉంటుంది, తెర మాత్రం చచ్చిపోతుంది. నువ్వున్నప్పుడు ఏది మొరాయించినా నీ కుర్చీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీలో గిరీష్ అనే అబ్బాయి ఉన్నాడు. పిలిస్తే తీరిగ్గా సాయంత్రం వస్తాడు. అతను వచ్చేసరికి అది బుద్ధిగా వెలుగుతూ ఉంటుంది. "బాగానే ఉంది కదా మేడమ్" అని వెళ్ళిపోతాడు. కొత్తది ఇమ్మంటే కొనడాలు ఆపేశారట.

నా పని నీకు తెలుసుగా. అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూడడం, చెయ్యి ఆగితే సిస్టం దాన్ని ఖాళీగా కూర్చున్నట్టు రాసుకోవడం. టీములో అందరికన్నా నేనే ఎక్కువ ఖాళీగా ఉంటున్నానని నాగేశ్వరి గారు పిలిచి చెప్పారు. టీమ్ లీడ్ అయ్యాక ఆవిడ మాటలో తీపి తగ్గింది. "డిసెంబరు దాకా చూస్తామండీ, తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నారు. డిసెంబరులో నన్ను పర్మనెంట్ చేయకపోతే నంద్యాల వెళ్ళి మా నాన్న నూనె మిల్లులో కూర్చోవడమే. రోజూ ఫోన్ చేసి "గొడవల్లో ఎందుకు, వచ్చేయమ్మా" అంటూనే ఉన్నాడు. నాకు వెళ్ళాలని లేదు. ఇల్లు వదిలి నా అంతట నేను నిలబడింది ఇక్కడే కదా.

ఒక్కటే మంచి సంగతి. ఆఫీసులో ఆయుధపూజ బాగా జరిగింది. నీళ్ళ సీసా కనబడక, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళలోనే గంధం, పసుపు, కుంకుమ కలిపేశాను. అందరూ మానిటర్ల నెత్తి మీద బొట్టు పెడితే నేను మా మిల్లు పద్ధతిలో చెయ్యి పడే చోట పెట్టాను. మా నాన్న స్విచ్చు పిడికే పెడతాడు. పక్క సీటు ఓదెలు ఆ రోజు రాలేదు. వాళ్ళన్న బొగ్గు బావిలో పని చేస్తాడుగా, సమ్మెలో ఉన్న ఆయన్ని చూడడానికి బండి మీద గోదావరిఖని పోయాడు. అంత పండగలో అతని సీటు ఒక్కటే బోసిగా ఉంటే మనసొప్పక, నేనే అతని మానిటర్‌కు కూడా పెట్టాను. నా దానికంటే దిట్టంగానే పెట్టాను.

ఏం చెయ్యాలో రాయి. తొందరగా రాయి.

నీ మీదే ఆశ పెట్టుకున్న
సౌజన్య


ఫిరంగిపురం
23 అక్టోబర్ 2011

ఏమే సౌజీ,

ఇంకోసారి సిస్టరమ్మ అన్నావంటే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపుతాను. మా ఉత్తరాలు సిస్టర్ జోజమ్మ గారు చదివాకే బయటికి వెళ్తాయి. కాబట్టి నిన్ను ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిడుతున్నానని గ్రహించు.

ఇక్కడ నాకు అప్పగించినవి వంటగది, కోళ్ళు, ప్రార్థన. కోళ్ళకు రీస్టార్ట్ బటన్ లేదని చేరిన వారంలోనే తెలిసింది. నీ ఉత్తరం చూశాక చేతులు దురద పెట్టాయి. అక్కడుంటే టీ చల్లారే లోపు తేల్చేసేదాన్ని.

విను. ఒక్కొక్కటే మార్చాలి. రెండు కలిపి మార్చావంటే ఏది దొంగో తెలియదు. మొదట మానిటర్ వెనక తీగలు రెండూ ఊడదీసి గట్టిగా బిగించు. ఒకరోజు చూడు. తర్వాత ప్లగ్గు పెట్టే చోటు మార్చు. ఇంకో రోజు చూడు. అప్పటికీ ఆగితే పక్క సీటు మానిటర్ తెచ్చి నీ దగ్గర పెట్టు, నీది అక్కడ పెట్టు. జబ్బు మానిటర్ వెంట వెళ్తే మానిటర్‌ది. నీ సీటు దగ్గరే ఉండిపోతే కరెంటుది. ఇంతే శాస్త్రం.

నీదీ ఓదెలుదీ ఒకేసారి కొన్నవి, వేలు తగిలితే చాలు పని చేసే బటన్లు. మిగతా వాళ్ళవి పాత నొక్కుడు బటన్లు. అందుకని మార్చుకోవడం ఓదెలుతోనే పెట్టుకో. అడిగితే తనే మోసుకొచ్చి పెడతాడు.

కంగారు పడకు. కంగారులో మనిషికి కళ్ళెదుట ఉన్నది కనబడదు. నీ కోసం ప్రార్థన చేస్తున్నాను, మానిటర్ కోసం కూడా.

సెలీనా


మణికొండ
6 నవంబర్ 2011

సెలీనా,

నీ ఉత్తరం ఇంత ఆలస్యంగా వస్తుందనుకోలేదు. సమ్మె ఆగింది, బస్సులు తిరుగుతున్నాయి. ఆఫీసులో మాత్రం ఏదీ మామూలు కాలేదు. సమ్మెలో కరెంటు కోతలున్నప్పుడు జనరేటర్ మీద కంప్యూటర్లు నడిపి మధ్యాహ్నం ఏసీ ఆపేవారు, బిల్డింగ్ వాళ్ళు దానికి రుచి మరిగారు. ఇప్పుడూ భోజనాలవగానే ఆపేస్తున్నారు. కిటికీలు తెరుచుకోవు కదా, అంతమంది ఊపిరితో హాలంతా ఉక్క. ఒళ్ళూ బల్లా అన్నీ జిడ్డు.

నువ్వు చెప్పినట్టు తీగలు బిగించాను. ఆగింది. ప్లగ్గు మార్చాను. ఆగింది. మూడోది కూడా అయినట్టే.

ఇక అసలు మాట. దీన్ని ఎవరితోనూ అనలేదు, జోజమ్మ గారు చదివినా సరే, రాస్తాను. నాకు ఓదెలు మీద అనుమానంగా ఉంది.

నువ్వు వెంటనే అరుస్తావని తెలుసు. ముందు విను. మధ్యాహ్నం అతను లేచి నా వెనక నుంచి బయటికి వెళ్తాడు. వెళ్ళిన కాసేపటికే తెర ఆరిపోతుంది. ఒకరోజు కాదు, చాలా రోజులు చూశాను. మా సీట్ల మధ్య బల్ల కింద తీగలన్నీ కలిసే ఉంటాయి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక కూడా అతను ఒక్కడే కూర్చుంటాడు. ఏం చేస్తాడో తెలియదు. మొన్న నా తెర ఆరినప్పుడు నా వైపు వచ్చి ఏదో చెప్పబోయాడు. నాకు భయమేసి హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

నువ్వున్నప్పుడు మనం ముగ్గురం ఒకే డబ్బాలో తినేవాళ్ళం. ఇప్పుడు భోజనాల గదిలో తెలంగాణ వాళ్ళు ఒక బల్ల, మా వైపు వాళ్ళు ఒక బల్ల. ఎవరూ చెప్పలేదు, అలా అయిపోయింది. అతని బ్యాగు మీద జై తెలంగాణ అని అంటించుకున్నాడు. మా బల్ల దగ్గర ఆ మాట వస్తే గొంతులు తగ్గిస్తారు. "మనల్ని పొమ్మని నోటితో అనరు, ఇట్లా చేసి పంపుతారు" అని ఎవరో అన్నారు. నేను కాదని అనలేకపోయాను. అప్పటి నుంచి ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

ఇంటికొస్తే పొయ్యి దగ్గర నిలబడి కూడా తెర ఆరినట్టే ఉలిక్కిపడుతున్నాను. నాగేశ్వరి గారు నిన్న, "మీకు ఎవరి మీదైనా అనుమానముంటే మెయిల్లో రాసివ్వండి, నేను పైకి పంపుతాను. లేకపోతే తప్పు మీదే అనుకోవాల్సొస్తుందండీ" అన్నారు. ఏం చెయ్యను?

సౌజన్య


ఫిరంగిపురం
13 నవంబర్ 2011

సౌజీ,

"అయినట్టే" అంటే కాలేదని. ఆఫీసులో అంతమంది నన్ను మోసం చెయ్యాలని చూశారు, ఈ మాట వాడని వాళ్ళు లేరు. "రీస్టార్ట్ చేశావా?" "చేసినట్టే." మానిటర్లు మార్చలేదు నువ్వు. ఎందుకంటే మార్చాలంటే ఓదెలును అడగాలి.

మెయిల్ రాయకు. ఇది అన్నిటికంటే ముందు చదువు. రాయకు.

నేను ఉద్యోగం వదిలి వచ్చేసిన రోజు బంద్ అని నీకు గుర్తుందా? ఆటోలు లేవు. గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు నన్ను బండి మీద తీసుకెళ్ళింది ఎవరు? దారిలో ఇద్దరు ముగ్గురు ఆపితే, "మా చెల్లె, సన్యాసం పుచ్చుకోను పోతున్నది, జర ఇడువుండ్రి" అన్నాడు. వాళ్ళు నవ్వి వదిలేశారు. ఆ బంద్ చేసింది అతని వాళ్ళే, నన్ను దాటించిందీ అతనే. తెలంగాణ కావాలనేది అతని కోరిక. నీ తెర ఆర్పేయడం ఆ కోరికలో ఎక్కడుంది?

అతను లేచాక తెర ఆరుతోంది, నిజమే కావచ్చు. అదే సమయానికి ఇంకేం జరుగుతోంది? అది చూడు. అతను ఎందుకు లేస్తున్నాడో చూడు.

నీ ఉత్తరం చదివి జోజమ్మ గారు ఒక్క మాటే అన్నారు: "ఆ అబ్బాయిని అడిగిందా?" పెద్దావిడకు మానిటర్ అంటే ఏమిటో కూడా తెలియదు.

అడుగు. భయంగా ఉంటే భయపడుతూనే అడుగు.

సెలీనా


మణికొండ
13 నవంబర్ 2011

సెలీనా,

నీ జవాబు కోసం చూసి చూసి ఇక ఆగలేకపోయాను. గురువారం రాసిచ్చేశాను.

పెద్దగా ఏం రాయలేదు. "నా సీటు పక్కన ఉండే ఓదెలు తీగలను కదుపుతున్నాడేమోనని అనుమానం" అని రాశాను. "ఏమో" అన్నాను. కానీ పైవాళ్ళు ఆ "ఏమో"ను చదవలేదనుకుంటా. శుక్రవారం మధ్యాహ్నం అతన్ని గదిలోకి పిలిచారు. బయటికొచ్చి డ్రాయరు ఖాళీ చేసుకున్నాడు. విచారణ తేలేదాకా ఉప్పల్ అవతల ఉన్న మా ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారట. రాయదుర్గంలో ఉండే మనిషికి అదెంత దూరమో నీకు తెలుసు.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మంచిగుండు సౌజన్యా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నేను తప్పు చెయ్యలేదు కదా? ఈ రెండు రోజులుగా గుండె దడ తగ్గింది. ఆకలి కూడా వేస్తోంది. ఇక తెర ఆరదు. డిసెంబరు గట్టెక్కుతాను. అమ్మతో కూడా చెప్పాను, అంతా సర్దుకుందని.

సౌజన్య

మంగళవారం రాస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం మర్చిపోయి బ్యాగులోనే ఉంచేశాను. సెలీనా, ఈ రోజు మధ్యాహ్నం తెర ఆరిపోయింది. పక్క సీటు ఖాళీగా ఉంది. బల్ల కింద ఎవరూ లేరు. ఏసీ ఆపాక కాసేపటికి, ఎప్పటిలాగే, టప్పున ఆరిపోయింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీ ఉత్తరం పడి ఉంది. రాయకు, అని ఉంది.


ఫిరంగిపురం
20 నవంబర్ 2011

సౌజన్యా,

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నువ్విప్పుడు ఏం చేస్తున్నావో ఇక్కణ్ణుంచే కనబడుతోంది. తెర ఆరిపోతోందని ఎవరితోనూ చెప్పడం లేదు. చెబితే ఓదెలు ఏ తప్పూ చెయ్యలేదని తేలుతుంది. చెప్పకపోతే ఖాళీగా కూర్చున్నావని నీ ఉద్యోగం పోతుంది. మధ్యలో నలుగుతున్నావు. జాలేస్తోంది. కోపం కూడా అలాగే ఉంది.

రెండు రోజులు ప్రార్థనలో కూర్చుంటే ఆ బండి ప్రయాణమే గుర్తొచ్చింది. నేను అతనికి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు ఇన్నాళ్ళూ. నా స్నేహం కూడా ఏమంత గొప్పగా ఉంది!

సరే. ఇప్పుడైనా మూడో పని చెయ్యి. అతని సీటు ఖాళీగా ఉందిగా, అతని మానిటర్ తెచ్చి నీ దగ్గర పెట్టు. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. అడిగే అవకాశం నువ్వే పోగొట్టుకున్నావు.

ఏం కనబడితే అది దాచకుండా రాయి.

సెలీనా


మణికొండ
4 డిసెంబర్ 2011

సెలీనా,

నువ్వు రాసిందంతా నిజం. ఎవరికీ చెప్పలేదు. తెర ఆరినప్పుడు చేతులు ఆగకూడదని చీకట్లోనే కీబోర్డు నొక్కుతూ కూర్చున్నాను. గుర్తున్నదాన్ని బట్టి కొట్టేశాను. ఖాళీ సమయం తగ్గింది, తప్పులు పెరిగాయి. ఎవరి బిల్లులో ఏం చేశానో అని భయం. నాగేశ్వరి గారు భుజం తట్టి, "చూశారా, అతను వెళ్ళాక ఎంత మెరుగయ్యారో" అన్నారు. నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న శుక్రవారం భోజనాల వేళ హాలు ఖాళీ అయినప్పుడు అతని మానిటర్ ఎత్తుకొచ్చాను. నా తీగలే తగిలించాను. బటన్ కోసం కుడి పక్క మూల చెయ్యి పెడితే ఏదో నున్నగా తగిలింది. వంగి చూశాను.

నేను దసరాకు పెట్టిన బొట్టు. అలాగే ఉంది. గంధం, పసుపు, మధ్యన కుంకుమ. నా బొటనవేలి గీతలు కూడా కనబడుతున్నాయి. చెరిగిపోకుండా దాని మీద సెల్లోటేపు ముక్క అంటించి ఉంది, అంచులు నీటుగా కత్తిరించి.

సరిగ్గా బటన్ మీద పెట్టానే నేను. చెయ్యి పడే చోటని.

తెర వెలిగింది. కూర్చుని చూశాను. ఏసీ ఆపారు. ఉక్క మొదలవగానే చుట్టుపక్కల వాళ్ళు గాలి కోసం లేచి బయటికి నడిచారు. ఓదెలు కూడా దానికే లేచేవాడు సెలీనా, అందరితో పాటు. నేను ఒక్క అతన్నే చూశాను. కాసేపటికి తెర టప్పున ఆరిపోయింది. అతని మానిటర్, నా సీటులో.

నా మానిటర్‌ను కూడా వంగి చూశాను. నా బొట్టు ఎప్పుడో చున్నీతో తుడిచేశాను. కానీ బటన్ చుట్టూ ఉన్న సందులో పచ్చగా గడ్డకట్టి ఉంది. వేలు పెడితే జిగురుగా అంటుకుంది. కొబ్బరినీళ్ళు.

ఎవరూ తీగలు కదపలేదు. ఎవరూ నన్ను పొమ్మనలేదు. పండగ పూట నా చేతులతో నేనే చేశాను. ప్రేమగానే చేశాను. దానికి అతని పేరు రాసిచ్చాను.

అతని మానిటర్ కూడా రోజూ ఆగే ఉంటుంది కదా. మరి ఎందుకు ఎవరికీ చెప్పలేదు? ఆ టేపు ఎందుకు వేశాడు? అన్నం సయించడం లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు, ఈసారి అలాగే చేస్తాను.

సౌజన్య


ఫిరంగిపురం
11 డిసెంబర్ 2011

సౌజీ,

మొదటి ఉత్తరంలోనే రాశావు, కొబ్బరినీళ్ళని, చెయ్యి పడే చోటని. చదివి నవ్వుకుని వదిలేశాను. బొట్టంటే నా కళ్ళకు మానిటర్ నెత్తి మీదే కనబడింది. తీపి, ఉప్పు ఉన్న నీళ్ళు కదా, ఎండినట్టు కనబడినా ఉక్కపోతకు మళ్ళీ చెమరుస్తాయి. ఆ బటన్‌కు అది వేలో, తడో తెలియదు. ఎవరో ముట్టుకున్నారనుకుని ఆరిపోతుంది. జబ్బు అంతే. తడిగుడ్డ చాలు.

టేపు ఎందుకు వేశాడని నన్నడుగుతావేం? మళ్ళీ అదే పని. అతన్ని అడుగు.

ముందు ఉప్పల్ వెళ్ళు. తర్వాత నాగేశ్వరి గారికి చెప్పు. వరస మార్చకు. ముందు ఆఫీసులో చెబితే, తప్పించుకోవడానికి వచ్చావనుకుంటాడు. ఉద్యోగం పోతుందేమో, పోవచ్చు. పోతే నాకు రాయి, ఇద్దరం కలిసి ఏడుద్దాం. పోకూడదని మాత్రం మొక్కుతున్నాను. జోజమ్మ గారు కూడా.

సెలీనా


మణికొండ
22 జనవరి 2012

సెలీనా,

ఇన్ని రోజులు రాయలేదని తిట్టుకుంటున్నావేమో. కథ ఒక చోటికి వచ్చాక రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే సెలవు పెట్టి ఉప్పల్ వెళ్ళాను. రెండు బస్సులు మారాను. గేటు బయట టీ బండి దగ్గర దొరికాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏంది సౌజన్యా, గింత దూరమొచ్చినవ్? అంతా మంచేనా?"

మంచేనా అని అడిగేసరికి ఏడుపొచ్చేసింది. అంతా చెప్పాను. మెయిల్ సంగతి, అతను వెళ్ళాక కూడా తెర ఆరిన సంగతి, అది దాచిన సంగతి, బొట్టు. బొట్టు మాట రాగానే తలెత్తాడు.

"గా బొట్టు నువ్వు పెట్టినవా?"

"నేనే. నీ మానిటర్ కూడా ఆగుతోందని నీకు తెలియదా?"

"ఎందుకు తెల్వది? దినాం ఆగుతుండె. బటన్ మీద బొట్టుంటే ఆగక ఏమైతది? మల్ల వేలు పెట్టుడు, మల్ల పని చేసుడు. తక్కువ పడ్డ పని అందరు పోయినంక కూసోని చేసేటోన్ని."

అతను ఆలస్యంగా కూర్చున్నది అందుకు సెలీనా. నేను దాన్ని కూడా నేరంలో కలిపి నీకు రాశాను.

"మరి తుడిచేస్తే పోయేది కదా" అన్నాను.

గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను ఖని నుంచి వచ్చేసరికి బల్లలు వేరైనయ్. ఎవ్వలు సక్కగ మాట్లాడుతలేరు. నా మానిటర్ మీద చూస్తే బొట్టున్నది. నేను లేని దినం గూడ నా సీటును యాదికుంచుకున్నోళ్ళు ఒక్కలన్న ఉన్నరు గదా అనుకున్న. గిరీష్‌కు చెప్తే ముందుగల్ల దాన్నే తుడుస్తడు. అందుకే చెప్పలే. టేప్ ఏసిన."

చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను.

"నీది గూడ ఆగుతున్నదని చూసిన. నీకు చెప్దామనే వచ్చిన ఆ దినం. నువ్వు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నవ్" అన్నాడు.

ఒక్క నిమిషం పట్టేది సెలీనా. ఆ రోజు నేను చెవులు మూసుకోకపోతే ఒక్క నిమిషంలో అయిపోయేది.

క్షమించమని అడిగాను. కోప్పడలేదు. కోప్పడితే తేలికపడేదాన్ని. "బొట్టు పెట్టింది నువ్వే, పేరు రాసిచ్చింది నువ్వే. రెండిట్ల దేన్ని నమ్మాలె, నువ్వే చెప్పు" అన్నాడు. టీ డబ్బులిచ్చేసి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాగేశ్వరి గారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆవిణ్ణి నా సీటుకు తీసుకొచ్చి, నా మానిటర్ తిరిగి తగిలించి, తడిగుడ్డతో సందు తుడిచి, ఏసీ ఆపేదాకా కూర్చోబెట్టాను. తెర ఆరలేదు. ఆవిడ ముఖం చూడాలి. కాసేపటికి, "నేనూ తొందరపెట్టానండీ" అని మెల్లగా అన్నారు. చీకట్లో కొట్టిన బిల్లులు ఏవో కూడా చెప్పి, నాలుగు రోజులు కూర్చుని సరిచేశాను. పైవాళ్ళు నన్ను గట్టిగానే మందలించారు. పర్మనెంట్ చెయ్యలేదు, మార్చి దాకా మళ్ళీ చూస్తారట. నాన్నతో నిజం చెప్పాను. "మార్చి దాకా ఉండి చూడు" అన్నాడు.

ఓదెలును ఈ నెల మొదట్లో తిరిగి పిలిపించారు. వచ్చాడు. అతను రాకముందే అతని మానిటర్ దాని చోట పెట్టేశాను. టేపు తీసి శుభ్రంగా తుడిచాను, అతని పనికి అడ్డం కాకూడదని. తుడుస్తుంటే చెయ్యి రాలేదు.

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. పని మాటలే. నేను కూడా తెచ్చిపెట్టుకుని మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా తీసుకుని తెలంగాణ వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి చివర కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు అందరూ తినడం ఆపి చూశారు. రెండో రోజు ఎవరో కొంచెం జరిగి చోటిచ్చారు. ఓదెలు తలెత్తలేదు.

మొన్న శుక్రవారం ఏసీ ఆపారు. అందరూ లేచారు. అతను లేవలేదు. తన మానిటర్ మూల వేలితో రాసి చూస్తున్నాడు.

"తుడిచినవా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"తుడిచాను. ఆగిపోతుందని" అన్నాను.

మా అమ్మ ఇచ్చిన కుంకుమ పొట్లం నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుందని అతనికి తెలుసు. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని నాకు చోటిచ్చాడు.

"మల్ల పెట్టు" అన్నాడు. "ఈపారి జర పైన పెట్టు."

నీ
సౌజన్య